ముహాఫిజ్ రోజ్‌నామ్చా

మన ఊళ్లలో నాయకుడు ఎంత పెద్దవాడో తెలియాలంటే ఆయన వెనక ఎంతమంది గన్‌మెన్ ఉన్నారో లెక్కపెడితే చాలు. షాదీకి వచ్చినా, జనాజాకి వచ్చినా, ఈద్ మిలాప్‌కి వచ్చినా ముందు సఫారీ సూట్లు దిగుతాయి, ఆ తర్వాతే సాబ్ దిగుతారు. గన్‌మెన్‌ని తగ్గిస్తే అదో పెద్ద ఖబర్, అదో తౌహీన్. ప్రాణానికి ముప్పు ఉందో లేదో తర్వాత సంగతి. ముందు శాన్ తగ్గకూడదు.

ఆ గన్‌మన్ మొహం ఎవరికీ గుర్తుండదు. ఫోటోలో సగం భుజం, ఒక చెవి, చేతిలో వైర్‌లెస్ కనిపిస్తాయి, అంతే. కానీ నాయకుడికి బీవీ బచ్చాలకన్నా దగ్గరగా రోజంతా ఉండేది ఆయనే. గుస్సా వచ్చినప్పుడు చూస్తాడు, కారులో ఒంటరిగా కూర్చున్నప్పుడు చూస్తాడు, జనం ముందు నవ్వి లోపలికొచ్చి నవ్వు తీసేసినప్పుడూ చూస్తాడు. అలాంటి మనిషి కలం పడితే ఎలా ఉంటుంది? ఆ సవాల్‌కి జవాబుగా చదవదగ్గ కితాబ్ ఒకటుంది. జవహర్‌లాల్ నెహ్రూకి 1952 నుంచి 1958 దాకా ముఖ్య భద్రతాధికారిగా ఉన్న కె.ఎఫ్. రుస్తుంజీ డైరీల నుంచి పి.వి. రాజగోపాల్ అనే పోలీసు అధికారి కూర్చిన పుస్తకం. పేరు ‘ఐ వాజ్ నెహ్రూస్ షాడో’. 2006లో వచ్చింది. రుస్తుంజీ అప్పటికి లేరు, 2003లోనే కన్నుమూశారు.

పోలీసు స్టేషన్లో రోజువారీ సంగతులు రాసే పుస్తకాన్ని పాత తరం పోలీసులు ‘రోజ్‌నామ్చా’ అనేవారు. మన జబాన్ పోలీసు శాఖకు ఇచ్చిన మాటల్లో అదొకటి. ఫిర్యాదు, పంచనామా, హవాల్దార్, జమాదార్ కూడా అలాంటివే. రుస్తుంజీ రాసుకున్నవి కూడా నాకు రోజ్‌నామ్చాలాగే అనిపిస్తాయి. పుస్తకం వేయాలని రాసినవి కావు. డ్యూటీ దిగి రాత్రి రాసుకున్నవి.

ఆయన పూర్తి పేరు ఖుస్రో ఫరామర్జ్ రుస్తుంజీ. పార్సీ మనిషి. ఆ పేరులోని మూడు ముక్కలూ ఫిర్దౌసీ షాహ్‌నామాలో ఉన్నవే. ఖుస్రో బాద్‌షా, రుస్తుం పహిల్వాన్, ఫరామర్జ్ ఆ రుస్తుం కొడుకు. కానీ పుట్టింది ఇరాన్‌లో కాదు, నాగపూర్ పక్కన కాంప్టీలో, 1916లో. 1938లో ఇండియన్ పోలీస్‌లో చేరారు. అంటే ఇంగ్లీషువాళ్ల కింద దాదాపు పదేళ్లు పనిచేసి, ఆ ఇంగ్లీషువాళ్లు జైల్లో పెట్టిన మనిషికే తర్వాత పహరాదారు అయ్యారు. ఆ తరం పోలీసుల బతుకంతా ఈ మలుపులోనే ఉంది.

1952లో ఆయన ఈ నౌకరీలో చేరేనాటికి నెహ్రూకు 60 దాటి రెండేళ్లు. కానీ చూస్తే అందులో సగం వయసువాడిలా కనిపించారని రుస్తుంజీ రాసుకున్నారు. మెట్లు నడిచి ఎక్కడు, పరిగెత్తుతాడు. జనం ఎక్కువగా ఉన్నచోటికే దూకుతాడు. అడ్డుగా కట్టిన తాడు కనిపిస్తే దాటి అవతలికి వెళ్లకుండా ఉండలేడు. తోసుకొచ్చేవాళ్లను తన చేతిలోని చిన్న కర్రతో తనే అదిలిస్తాడు. కాపాడాల్సినవాడు వెనక పరిగెత్తుతుంటే, కాపాడించుకోవాల్సినవాడు ముందు పరిగెత్తడం! పోలీసులు జనాన్ని నెడితే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఆ కోపం భరించడం కూడా రుస్తుంజీ డ్యూటీలో భాగమైపోయింది.

ఈ మొండితనం ఎక్కడిదో తెలియాలంటే ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1947 సెప్టెంబర్. ఢిల్లీలో ముసల్మాన్ల ఇళ్లు, దుకాణాలు లూటీ అవుతున్న రోజులు. కనాట్ ప్లేస్‌లో దోచుకుంటున్న గుంపు మీదికి ప్రధానమంత్రి తనే లాఠీ పట్టుకుని ఉరికాడు. ఒక రాత్రి ఓఖ్లా దారిలో ప్రాణానికి భరోసా లేని వేళ జామియా మిల్లియాకు వెళ్లి జాకిర్ హుసేన్ ఖైరియత్ కనుక్కుని వచ్చాడు. జాకిర్ సాబ్ మన హైదరాబాద్‌లోనే పుట్టిన మనిషి, తర్వాత సద్ర్-ఎ-జమ్హూరియా అయినవారు. ఆ ఏడాదే జలంధర్ స్టేషన్లో ఆయన్ని చంపబోతే ఒక సిక్కు ఫౌజీ అధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి బతికించారు. వాళ్లిద్దరిలో ఎవరికీ ఆయన్ని కాపాడే డ్యూటీ లేదు, జీతం లేదు.

ఆ తర్వాత 1948 జనవరి. 20వ తేదీన బిర్లా హౌస్‌లో గాంధీజీ ప్రార్థన సభ దగ్గర బాంబు పేలింది. సర్దార్ పటేల్ పోలీసులను పెంచారు. వచ్చేవాళ్లను సోదా చేస్తామంటే మాత్రం గాంధీజీ ససేమిరా ఒప్పుకోలేదు. ఇబాదత్‌కి వచ్చేవాడి జేబులు తడుముతారా అన్నది ఆయన పట్టు. పది రోజులకే 30వ తేదీ సాయంత్రం గాడ్సే రెండు చేతులూ జోడించి ముందుకొచ్చాడు. పోలీసులున్నారు, తుపాకులున్నాయి. సోదా మాత్రం లేదు.

నాలుగేళ్ల తర్వాత నెహ్రూ వెనక నిలబడిన అధికారి మనసులో ఆ సాయంత్రం ఎంత బరువుగా ఉండి ఉంటుందో ఊహించండి. అటు ఆ ఖౌఫ్, ఇటు జనంలోకి దూకే ప్రధాని. రుస్తుంజీ కితాబ్ మొత్తం ఈ రెంటి మధ్య కష్‌మకష్‌యే.

1955లో నాగపూర్‌లో ఆ ఖౌఫ్ నిజం కాబోయింది. నెహ్రూ కారు మీదికి రిక్షా తొక్కే మనిషి ఒకడు కత్తితో ఎగబాకాడు. నెహ్రూకు ఏమీ కాలేదు. ఆయన దాన్ని పెద్ద విషయంగా తీసుకోనూ లేదు. కానీ రుస్తుంజీకి నాగపూర్ అంటే సొంతూరి లాంటిది. తను పుట్టి పెరిగిన వీధుల పక్కనే తన అమానత్ మీదికి కత్తి లేచింది.

అదే ఏడాది నవంబర్ చివర్లో సోవియట్ నాయకులు క్రుశ్చేవ్, బుల్గానిన్ కలకత్తా వచ్చారు. జనం అంటే మామూలు జనం కాదు. కారును చుట్టేసి కదలనివ్వలేదు. చివరికి మహాశక్తి అని ప్రపంచం భయపడే దేశపు పెద్దలిద్దర్నీ ఖైదీలను తీసుకెళ్లే పోలీసు వ్యానులోకి ఎక్కించి గమ్యం చేర్చాల్సి వచ్చింది. ప్రేమతో వచ్చిన గుంపు కూడా ప్రాణం తీయగలదని పోలీసులు నేర్చుకున్న రోజది.

ఆ ఏళ్లలోనే నెహ్రూ మన దగ్గరికీ వచ్చారు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. 1956 నవంబర్ 1న హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని ప్రారంభించారు. ముందు రోజు దాకా నిజాం నవాబు రాజప్రముఖ్. మన పెద్దలు కొందరు ఆ సభల్లో నెహ్రూను దూరం నుంచి చూసే ఉంటారు. ఆ రెండు సందర్భాల్లోనూ ప్రధాని హిఫాజత్ జిమ్మేదారీ ఉన్న పదవిలో రుస్తుంజీయే ఉన్నారు. ఆయన్ని మాత్రం ఎవరూ చూసి ఉండరు.

పుస్తకంలో పెద్ద సియాసత్ కన్నా చిన్న సంగతులే మనసులో నిలుస్తాయి. అస్సాంలోని డిబ్రూగఢ్‌లో ఒకసారి నెహ్రూ సిగరెట్ పెట్టె కోసం రుస్తుంజీ ఆయన గదిలోకి వెళ్లారు. లోపల నౌకర్ హరి కూర్చుని నెహ్రూ చిరిగిన మేజోళ్లు కుడుతున్నాడు. దేశానికి ప్రధాని, మేజోళ్లకు రఫూ! ఇంకోటి సౌదీ ముచ్చట. 1956లో నెహ్రూ సౌదీ అరేబియా వెళ్లినప్పుడు జనం ‘రసూలుస్సలామ్’ అని మర్హబా పలికారు. శాంతి దూత అని వాళ్ల అర్థం. పాకిస్తాన్ పత్రికల్లో దాని మీద పెద్ద హంగామా జరిగింది. రసూల్ అన్న మాట ఇతరులకు వాడతారా అని. అరబ్బీలో ఆ మాటకు దూత అనే మామూలు అర్థం కూడా ఉందని మన మదర్సా పిల్లలకైనా తెలుసు. సరే, ఆ గొడవ అలా ఉంచండి. రుస్తుంజీ కళ్లు వేరేచోట ఉన్నాయి. రియాద్‌లో విడిదిగా ఇచ్చిన మహల్లో నెహ్రూ గది గదికీ వెళ్లి వెలుగుతున్న దీపాలు తనే ఆర్పుతున్నారు. చమురు సముద్రం మీద తేలే దేశంలో, తన డబ్బు కాని కరెంటును! ఇస్రాఫ్ చేయొద్దని మనం జుమా ఖుత్బాలో వింటాం, ఇంటికొచ్చి అన్ని ఫ్యాన్లూ వేసుకుని కూర్చుంటాం.

ఇవన్నీ చదివితే రుస్తుంజీకి నెహ్రూ మీద ఎంత అకీదత్ ఉందో తెలిసిపోతుంది. అది కితాబ్‌కి బలమూ, బలహీనతా. వెనక నిలబడి చూసేవాడికి ముందున్న మనిషి వీపు పెద్దగా కనిపిస్తుంది, దానికి అవతలున్న దేశం కొంచెం చిన్నగా. నెహ్రూ పాలనలో తప్పులేమిటో తెలుసుకోవాలంటే ఈ పుస్తకం దగ్గరికి రాకూడదు. మనిషి ఎలా ఉండేవాడో తెలుసుకోవాలంటే రావాలి.

ఇక్కడ ఇంకో సవాల్ వస్తుంది. కాపలావాడు చూసింది రాయొచ్చా? మజ్లిస్‌లో విన్న మాట అమానత్ అని మన దీన్ చెబుతుంది. ఒకరి ఇంట్లో చూసింది బజార్లో చెప్పడం ఖయానత్. నెహ్రూ దగ్గర పనిచేసిన ఎం.ఓ. మథాయ్ 1978లో తన జ్ఞాపకాలు అచ్చేశారు. అందులో నేతల జాతీ జిందగీ గురించిన కబుర్ల కోసమే జనం ఎగబడి చదివారు. రుస్తుంజీ కూడా అదే ఇంటి తలుపుల దగ్గర ఆరేళ్లు నిలబడ్డారు. ఆయనకూ కనపడేవి కనపడే ఉంటాయి. కానీ ఆయన బయటికి తెచ్చింది మేజోళ్లు, దీపాలు, గుంపులు, కోపాలు. అవి కూడా తను బతికుండగా పుస్తకంగా రాలేదు. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు. ఆ ఇంటి నుంచి ఎవరు ఏమి మోసుకొచ్చారన్నది చూస్తే చాలు.

కాపలా గురించి మన తారీఖ్‌లో ఉన్న మాటలు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మదీనా తొలి రోజుల్లో ఒక రాత్రి రసూలుల్లాహ్ (స)కు నిద్ర పట్టక, ఎవరైనా నేక్ మనిషి ఈ రాత్రి పహరా ఉంటే బాగుండునని అనుకుంటుండగా హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (రజి) హథియార్‌తో వచ్చి నిలబడ్డారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. అల్లాహ్ కాపాడతాడని సూరె మాయిదాలో ఆయత్ నాజిల్ అయ్యాక ఆయన పహరా ఉన్నవాళ్లను వెళ్లిపొమ్మన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాన్ సర్దార్ హుర్ముజాన్‌ను ఖైదీగా మదీనా తెస్తే, ఖలీఫా మస్జిద్‌లో ఒంటరిగా నిద్రపోతున్నారు. దర్బాను ఏడి, పహరాదారు ఏడి అని హుర్ముజాన్ ఆశ్చర్యపోయాడట. ఈ వాఖియా మనం పిల్లలకు ఎంతో ఫఖ్ర్‌గా చెప్తాం. కానీ అక్కడే ఆపేస్తాం.

ఆపకుండా చెప్పాలి. క్రీ.శ. 644లో ఆ ఉమర్ (రజి)నే ఫజ్ర్ నమాజ్‌లో పొడిచారు. 656లో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని చుట్టుముడితే, తన కోసం ముసల్మాన్ల నెత్తురు చిందొద్దని కాపాడటానికి వచ్చినవాళ్లను ఆపేశారు. షహీద్ అయ్యారు. 661లో హజ్రత్ అలీ (రజి)ని కూఫా మస్జిద్‌లో కొట్టారు. నలుగురు ఖులఫా-ఎ-రాషిదీన్‌లో ముగ్గురు అలా వెళ్లిపోయారు. అలీ (రజి) మీద దాడి జరిగిన నాడే డమాస్కస్‌లో అమీర్ ముఆవియా మీద కూడా దాడి జరిగింది. ఆయన బతికారు. ఆ తర్వాతే మస్జిద్‌లో పాలకుడు నమాజ్ చేసేచోట విడిగా అడ్డు కట్టారు. దాన్ని మఖ్సూరా అంటారు. నమాజ్ సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడిన అమీర్, ఆ రోజు నుంచి చెక్క అడ్డు వెనక్కి వెళ్లాడు.

ఆ అడ్డు తప్పా? తప్పని ఎలా అంటాం, అప్పటికి ఎందరు పోయారో చూశాక. మంచిదా? మంచిదని కూడా అనలేం. అడ్డు వెనక ఉన్నవాడికి గరీబువాడి మొహం కనపడదు. నెహ్రూ తాళ్లు దాటుతున్నప్పుడు రుస్తుంజీ పడిన తంటా ఇదే. ఆయన పనేమో మఖ్సూరా కట్టడం. ఆయన మనిషేమో మఖ్సూరా దూకేవాడు.

తర్వాతి కాలంలో అడ్డు తప్పనిసరి అయింది. 1984 అక్టోబర్ 31న ఇందిరా గాంధీని కాల్చినవాళ్లు బయటివాళ్లు కాదు, సొంత పహరాదారులే. బియంత్ సింగ్, సత్వంత్ సింగ్. ఆ ఏడాది జూన్‌లో స్వర్ణమందిరం మీదికి ఫౌజు వెళ్లాక సిక్కు గార్డులను ఆమె దగ్గరి నుంచి తప్పించారు. మజ్హబ్ చూసి మనుషుల్ని తప్పించడం సరికాదని ఆమే వెనక్కి రప్పించారు. తన ప్రాణం మీదికి వచ్చిన ఆ ఫైసలా నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. దాని ఫలితం చూసి ఆమెను నాదాన్ అనేవాళ్లున్నారు. ఇద్దరు చేసిన ఖయానత్‌కి ఆ తర్వాతి రోజుల్లో ఢిల్లీ వీధుల్లో వేలమంది బేగునాహ్ సిక్కుల్ని చంపారు. ఒకరు చేసిన పనికి ఖౌమ్ మొత్తం జవాబు చెప్పాలనే జులుం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని సిక్కు భాయీలు కూడా మోశారని మనం మర్చిపోకూడదు.

మన వైపు మాట కూడా చెప్పుకోవాలి. 2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను ఆయన గార్డే, ముంతాజ్ ఖాద్రీ, కాల్చి చంపాడు. ఆసియా బీబీ అనే ఈసాయీ ఔరత్ పక్షాన మాట్లాడినందుకు. కాపాడతానని చేతికి తుపాకీ తీసుకుని, ఆ తుపాకీతోనే అమానత్‌ను చంపినవాడి మీద కోర్టు దగ్గర వకీళ్లు గులాబీ రేకులు చల్లారు. దీన్ పేరు చెప్పి చేసిన ఖయానత్ ఖయానత్ కాకుండా పోతుందా? ఈ ముచ్చట మన మజ్లిస్‌లలో వస్తే చాలామంది మాట మార్చేస్తారు. నేను మార్చను.

రుస్తుంజీ 1958లో నెహ్రూ దగ్గరి నుంచి వెళ్లి మధ్యప్రదేశ్ పోలీసు పెద్ద అయ్యారు. చంబల్ లోయ డాకూల కాలం అది. జనం ముక్కులు కోసి భయపెట్టిన గబ్బర్ సింగ్‌ను ఆయన పోలీసులు 1959 నవంబర్ 13న కాల్చి చంపారు. మర్నాడు నెహ్రూ సాల్‌గిరా. పాత సాబ్‌కి ఆ ఖబరే తోఫా అయింది. ‘షోలే’లో గబ్బర్‌ను చూసి చప్పట్లు కొట్టిన మనలో ఎంతమందికి అసలు గబ్బర్ వెనక ఈ కథ తెలుసు? 1965 డిసెంబర్ 1న సరిహద్దు భద్రతా దళం, అదే బీఎస్‌ఎఫ్, పుట్టినప్పుడు దానికి మొదటి అధిపతి ఆయనే. 1971 మార్చి చివర్లో ఢాకా నెత్తుటి రాత్రుల నుంచి తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చిన తాజుద్దీన్ అహ్మద్‌ను ముందుగా కలిసి ఢిల్లీకి చేర్చినవాళ్లలో ఆయన ఒకరు. ఏప్రిల్ 17న ముజీబ్‌నగర్‌లో ఆ తాజుద్దీనే బంగ్లాదేశ్ తొలి వజీర్-ఎ-ఆజమ్‌గా హలఫ్ తీసుకున్నారు. ఇదంతా విడిగా రాయాల్సిన కథ.

నేను ఈ మనిషి గురించి రాయాలనుకున్నది వీటిలో దేని కోసమూ కాదు. ఆ తర్వాత జరిగిన దాని కోసం.

1977లో జాతీయ పోలీస్ కమిషన్ వేశారు. రుస్తుంజీ అందులో సభ్యుడు. ఆ పనిమీదే బీహార్ జైళ్లకు వెళ్లారు. నలభై ఏళ్ల ఖాకీ నౌకరీలో జైలు ఆయనకు కొత్త కాదు. మనుషుల్ని లోపలికి పంపడమే కదా పోలీసు పని. కానీ ఈసారి ఆయన లోపల ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు అని అడిగారు. ఐదేళ్లు, ఏడేళ్లు, తొమ్మిదేళ్లు, కొందరు పదేళ్లు దాటి. ముఖద్దమా మొదలు కాలేదు. ఆ జుర్మ్ రుజువైనా పడే సజా కన్నా ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిపేసినవాళ్లున్నారు. జమానత్‌కి పూచీ ఇచ్చే దిక్కు లేక, వకీల్‌కి ఇచ్చే పైసా లేక.

రుస్తుంజీ వచ్చి రెండు వ్యాసాలు రాశారు. 1979 జనవరి 8, 9 తేదీల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాయి. అది చదివిన సుప్రీంకోర్టు వకీల్ కపిలా హింగోరానీ ఊరుకోలేకపోయారు. దస్తూర్ ప్రకారం హేబియస్ కార్పస్ ఖైదీ వేయాలి, లేదా ఖైదీ తాలూకు మనుషులు వేయాలి. ఈమెకు ఆ ఖైదీలెవరో కూడా తెలియదు. అయినా పత్రికలో వచ్చిన పేర్లతోనే అర్జీ వేశారు. జస్టిస్ పి.ఎన్. భగవతి విన్నారు. ముఖద్దమా త్వరగా తేల్చడం ప్రతి మనిషికీ బతుకు హక్కులో భాగమని, గరీబుకు ఉచితంగా వకీల్‌ను ఇవ్వాల్సింది ప్రభుత్వమేనని ఆ కేసులో తేలింది. ఈ ఒక్క కేసు వల్ల దాదాపు 40,000 మంది విచారణ ఖైదీలు బయటికొచ్చారని చెబుతుంటారు. ఈరోజు మనం పేపర్లో ‘పిల్’ అని చదువుతామే, ప్రజాప్రయోజన వ్యాజ్యం, ఆ దారి తెరుచుకుంది ఇక్కడే. ఆ కేసు పేరు: హుస్నారా ఖాతూన్ వర్సెస్ బీహార్ రాష్ట్రం.

అవును, హుస్నారా ఖాతూన్. జైల్లో ఉన్న ఒక గరీబు ముసల్మాన్ ఔరత్ పేరు. లా చదివే మన పిల్లలు ఉస్మానియాలోనైనా, నాగార్జునలోనైనా ఈ పేరును సిలబస్‌లో చదువుతారు. ఇంటికొచ్చి అమ్మీతో చెప్పరు. చెప్పాలి.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. అది చదివినప్పుడు నాకు రుస్తుంజీ ఆరేళ్ల నౌకరీ మొత్తం కళ్లముందు తిరిగింది. ఆ జైళ్లలో కొందరు ఔరతులు ఏ జుర్మూ చేయలేదు. చేశారని ఎవరూ అననూ లేదు. వాళ్ల మీదే జుర్మ్ జరిగింది, లేదా వాళ్లు గవాహీ చెప్పాల్సి ఉంది. అందుకని వాళ్లను జైల్లో పెట్టారు. కాగితం మీద రాసింది ‘రక్షణ కస్టడీ’ అని. ఉర్దూలో చెప్పాలంటే హిఫాజత్ కోసం హిరాసత్. కోర్టు దీన్ని స్వేచ్ఛను కాలరాయడమేనంది, వాళ్లను జైళ్ల నుంచి తీసి సంక్షేమ గృహాలకు చేర్చమంది. ఒకే దేశంలో, ఒకే ఖాకీ కింద, ఒకే మాట! ప్రధానికి హిఫాజత్ అంటే తన మనిషి గుంపులో దూకినా ఏమీ కాకుండా వెంట పరిగెత్తడం. ఆ ఔరతులకు హిఫాజత్ అంటే తాళం.

ఆ రెండు హిఫాజత్‌లనూ తన కళ్లతో చూసిన పోలీసు అధికారులు ఎంతమంది ఉంటారు? చూసి రాసినవాళ్లు?

ఇది పాత కథ అని పక్కన పెట్టేలా లేదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 చివరికి మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. హవాలాతీలు. అంటే నలుగురిలో ముగ్గురికి కోర్టు ఇంకా ముజ్రిమ్ అని చెప్పలేదు. ఆ హవాలాతీల్లో ముసల్మాన్లు సుమారు 19 శాతం. 2011 జనాభా లెక్కల్లో మనం 14 శాతం. దళితులు, ఆదివాసీలు కూడా తమ జనాభా కన్నా ఎక్కువ నిష్పత్తిలోనే లోపల ఉన్నారు. కాబట్టి దీన్ని ఒక్క మన గోడుగా చెప్పుకోవడం కూడా సరికాదు. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో బాంబు పేలాక పట్టుకుపోయిన పాతబస్తీ నౌజవాన్లను కోర్టులు బరీ చేశాయి. కొందరికి ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పోయిన నెలలు, ఏళ్లు ఏ ఉత్తర్వుతోనూ రావు కదా.

రుస్తుంజీకి 1991లో పద్మవిభూషణ్ ఇచ్చారు. పోలీసు నౌకరీ నుంచి వచ్చిన మనిషికి ఆ స్థాయి ఇజ్జత్ దక్కడం చాలా అరుదు. పేపర్లు ఆయన్ను నెహ్రూ నీడ అని, బీఎస్‌ఎఫ్ బానీ అని రాశాయి.

ఆయన డైరీల పుస్తకం దొరికితే చదవండి. మేజోళ్ల ముచ్చట పిల్లలకు చెప్పండి. కానీ దాంతోపాటు హుస్నారా ఖాతూన్ తీర్పు కూడా తీసి పక్కన పెట్టుకోండి. పొడవైనదేమీ కాదు. జడ్జీల ముందు సాక్ష్యంగా ఉన్నది పెద్ద నివేదిక కాదు, 1979 జనవరి 8, 9 తేదీల పేపర్ కత్తిరింపులే. తీర్పులో ఆ రెండు తేదీలూ కనిపిస్తాయి. పైన కేసు పేరు దగ్గర మాత్రం హుస్నారా ఖాతూన్ అనే ఉంటుంది.